కళ్లం మీద ట్రాక్, ఐసు మీద పరీక్ష: మహిళల షార్ట్ ట్రాక్ రిలేలో మార్పిడి మీద ఒక కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో ఐసుకి కరువు లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకి, చేపల లారీలకి రాత్రీ పగలూ ఐసు దిమ్మలు దిగుతూనే ఉంటాయి. బ్లేడు కట్టుకుని నిలబడగలిగే ఐసు మాత్రం లేదు. షార్ట్ ట్రాక్ (చిన్న అండాకార ట్రాక్ మీద అందరూ ఒకేసారి తలపడే ఐసు స్కేటింగ్) కొలతలకి సరిపడే ఐసు కావాలంటే రాజమండ్రిలో రైలెక్కి ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ పోవాలి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన హిమాద్రి రింకు అక్కడుంది. అంత దూరం వెళ్తే దొరికేది కొన్ని గంటల ఐసు. కాబట్టి పనిలో తొంభై వంతులు ఇక్కడే, సిమెంటు మీదే అయిపోవాలి. ఈ కేసంతా ఆ లెక్క మీద నడిచింది.

జట్టులో ఐదుగురు అమ్మాయిలు, 15 నుంచి 19 ఏళ్ల మధ్యవాళ్లు. ఇద్దరిది కోనసీమ, ఇద్దరిది కాకినాడ వైపు, ఒకమ్మాయిది నరసాపురం పక్కన పల్లె. అందరూ ఇన్‌లైన్ చక్రాల స్కేట్ల మీద పెరిగినవాళ్లే. ఒంటరిగా పరిగెత్తితే ఎవరికీ పెద్ద లోపం లేదు. నలుగురినీ కలిపి 3000 మీటర్ల రిలే పెడితే మాత్రం ప్రతి మార్పిడి దగ్గరా, అంటే ఒకరు ఇంకొకరికి పరుగు అప్పగించే చోట, వేగం చచ్చిపోయేది. అందుకున్న అమ్మాయి మళ్లీ మొదటి నుంచీ పరుగు కూడగట్టుకోవాల్సి వచ్చేది. కేసు ఇదే.

ముందు పోటీ కొలతలు చెప్పుకోవాలి, తర్వాతి మాటలన్నీ వాటి మీదే ఆధారపడతాయి. షార్ట్ ట్రాక్ ఒక ల్యాపు 111.12 మీటర్లు. మహిళల రిలే 27 ల్యాపులు. నలుగురు వంతులవారీగా పరిగెడతారు, వంతు కాని ముగ్గురూ ట్రాక్ లోపల జారుతూ ఉంటారు. ఐదో అమ్మాయి జట్టులో ఉండి రౌండు మారినప్పుడు ఎవరి బదులైనా దిగొచ్చు. బ్యాటన్ ఉండదు. చేయి తగిలితే మార్పిడి అయినట్టే. కానీ ఊరికే తాకి వదిలేసే జట్టు అంతర్జాతీయ స్థాయిలో కనబడదు. పరిగెత్తుతున్న అమ్మాయి తన వేగమంతా ముందున్నదాని నడుములోకి తోసి తప్పుకుంటుంది. ఎవరు ఎప్పుడు మారాలన్నది జట్టు ఇష్టం, చివరి రెండు ల్యాపులు తప్ప. మూడు ల్యాపులు మిగిలాయనగా తుపాకీ పేలుస్తారు. ఆఖరి రెండు ల్యాపులూ ఒకే అమ్మాయి పూర్తి చేయాలి. ఆమె పడిపోతే మాత్రమే ఇంకొకరు అందుకోవచ్చు.

2022 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ జట్టు (సుజాన్ షుల్టింగ్, సెల్మా పౌట్స్‌మా, షాండ్రా వెల్జెబూర్, యారా వాన్ కెర్‌కోఫ్) 4:03.409తో బంగారం గెలిచింది. కొరియా 4:03.627, చైనా 4:03.863. డచ్ జట్టు సగటున ల్యాపుకి 9 సెకన్లు, సెకనుకి 12.3 మీటర్లు, గంటకి 44 కిలోమీటర్లు. బంగారానికీ వెండికీ తేడా 0.218 సెకను, అంటే ఆ వేగంలో 2.7 మీటర్లు. పందెంలో 17 మార్పిళ్లు ఉంటాయనుకుంటే ఒక్కో మార్పిడికి వచ్చే వాటా 16 సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు. జట్టుకి మొదటి రోజు బోర్డు మీద రాసింది ఈ ఒక్క లెక్కే. అమ్మాయిలు బ్లేళ్ల గురించీ, తొడల బలం గురించీ అడిగారు. చేతి వేళ్లు చాపి నేల మీద జానెడు కొలవమన్నాం.

17 ఎక్కడి నుంచి వచ్చింది? రిలేలో మామూలుగా ఒక్కొక్కరూ ల్యాపున్నర చొప్పున తిప్పుతారు. ఆఖరి విడత రెండు ల్యాపులు. 27లో 2 తీసేస్తే 25. ల్యాపున్నర చొప్పున 16 విడతలు పెడితే 24 అవుతుంది, ఒక్క ల్యాపు మిగులుతుంది. అది మొదటి అమ్మాయి స్టార్టుతో పాటు పరిగెత్తేస్తుంది. మొత్తం 18 విడతలు, 17 మార్పిళ్లు. ఈ పద్ధతిలో 18వ విడత రెండో స్థానం అమ్మాయికి పడుతుంది. అందుకే షార్ట్ ట్రాక్‌లో ముగించేది నాలుగో అమ్మాయి కాదు, రెండో అమ్మాయి. అథ్లెటిక్స్ చూసి వచ్చినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఎవరి వాటా ఎంతో చూడండి: మొదటి అమ్మాయికి 7 ల్యాపులు, రెండోదానికి 8, మిగతా ఇద్దరికీ చెరో 6.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే దాక్కుని ఉంది. నలుగురూ ఒక చుట్టు తిరిగేసరికి సరిగ్గా 6 ల్యాపులు. కాబట్టి ఒకటి నుంచి రెండుకి జరిగే మార్పిడి 1, 7, 13, 19, 25 ల్యాపుల దగ్గర వస్తుంది, ఎప్పుడూ ఫినిష్ గీత ఉన్న వైపే. రెండు నుంచి మూడుకి ఎప్పుడూ అవతలి వైపు. మూడు నుంచి నాలుగుకి మళ్లీ ఇవతల, నాలుగు నుంచి ఒకటికి అవతల. అంటే ప్రతి జంటకీ సొంత రేవు ఉంది. ప్రాక్టీసులో ఎవరినిబడితే వాళ్లతో, ఎటుబడితే అటు తోయించడం సగం వృథా. ఈ జట్టు అంతకుముందు చేసింది అదే.

మొదట తప్పుగా పట్టుకున్నాం. వేగం పోతోందంటే తోపులో బలం లేదనుకుని రెండు వారాలు బలం మీద పెట్టాం. గోనెసంచి మీద 25 కిలోల బియ్యం బస్తా ఉంచి నున్నటి గచ్చు మీద తోయించాం, గోడకి అరచేతులు ఆనించి చేతులు చాపించాం. బస్తా బాగానే కదిలింది, మార్పిడి మాత్రం అంతే. తర్వాత ఫోను స్లో మోషన్‌లో పక్క నుంచి వీడియో తీసి ఫ్రేము ఫ్రేముగా చూస్తే అసలు దోషం తోసేవాళ్లలో లేదని తేలింది. అందుకునే అమ్మాయి చేయి తగిలే క్షణానికి దాదాపు నిలబడే ఉంది.

అలవాటు వల్లే ఇలా జరిగింది. చక్రాల స్కేటింగ్ ట్రాక్ 200 మీటర్లు, నేరు దారి పొడుగ్గా ఉంటుంది. లోపల నెమ్మదిగా జారుతూ వెనక్కి చూసి, తోడు దగ్గరకొచ్చాక నాలుగు అడుగులు వేసుకునే వ్యవధి దొరుకుతుంది. షార్ట్ ట్రాక్‌లో నేరు దారి 28.85 మీటర్లు. సెకనుకి 12 మీటర్ల వేగంలో అది 2.4 సెకన్ల పని. అందులోనే లోపలి నుంచి బయటికి రావాలి, చేతులు తగలాలి, తోపు పూర్తవాలి, తోసినమ్మాయి తప్పుకోవాలి, తోపు తిన్నమ్మాయి రెండడుగులు వేసి వంపుకి సిద్ధం కావాలి. వేగం కూడగట్టుకునే పని నేరు దారిలో పెట్టుకుంటే అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ పని అంతకుముందు వంపులోనే, బ్లాకుల (వంపు అంచుకి గుర్తుగా పెట్టే రబ్బరు దిమ్మల) లోపలి వైపు, జరిగిపోవాలి.

రేవులో పడవని తోసేవాడిని చూస్తే తెలుస్తుంది. ఒడ్డున మట్టిలో కూరుకున్న పడవకి నలుగురు కావాలి. కదులుతున్న పడవకి ఒక్క చేయి చాలు, వాడు రెండడుగులు దాంతో పాటు నడిచి, ఆఖరి అడుగులో ఒంటి బరువు వేసి వదిలేస్తాడు. ఇదే సంగతి అంకెల్లో: సమాన బరువున్న ఇద్దరిలో వెనక ఉన్నామె సెకనుకి 12 మీటర్లతో, ముందున్నామె 8తో వెళ్తుంటే చేతులు తగిలి కలిసిపోయే క్షణంలో ఇద్దరి వేగం 10. అక్కడి నుంచి చేతులు చాచితే ముందున్నామె పెరుగుతుంది, వెనకామె తగ్గుతుంది. ముందున్నామె 4తోనే వెళ్తుంటే కలిసే వేగం 8. ఆ రెండు మీటర్లని చేతుల బలంతో తీసుకురావడం ఎవరి తరం కాదు.

ట్రాక్ గీయడానికి చోటు దొరకడమే పెద్ద పని. బ్లాకుల లోపలి భాగమే 44.85 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. బయట పరిగెత్తడానికి చుట్టూ కనీసం నాలుగు మీటర్లు కావాలి. ధాన్యం ఆరబోసే పెద్ద సిమెంటు కళ్లం ఒకటి సరిపోయింది. సార్వా కోతలు అయిపోయాక, దాళ్వా ధాన్యం రాకముందు, అంటే జనవరి నుంచి మార్చి దాకా అది ఖాళీ. జనవరిలో ఇంకో తంటా: పొద్దున్నే మంచు కురిసి కళ్లమంతా తడిసిపోతుంది. మంచు కోసం రైలెక్కబోయేవాళ్లం మంచు ఆరేదాకా ఏడున్నరకి కాచుకోవాల్సి వచ్చింది. ప్రతి సెషన్ ముందూ రెండుసార్లు చీపురు తప్పనిసరి. చక్రం కింద ఒక్క వడ్లగింజ పడితే చాలు.

గీత గీసే పద్ధతి ఇది. 28.85 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి. ఒక్కోదానికి 8 మీటర్ల తాడు కట్టి, ముగ్గుపిండితో అర్ధచంద్రం వేయండి. ఆ గీత మీద ఒక్కో వంపుకి ఏడు చొప్పున గుర్తులు పెట్టండి. ఐసు మీద ఇవి నల్ల రబ్బరు బ్లాకులు, ఇక్కడ కోసిన సైకిలు ట్యూబు ముక్కలు చాలు. ఎత్తుగా ఏదీ పెట్టకూడదు, ఇటుక అసలే వద్దు. ల్యాపు పొడవు కొలిచేది బ్లాకుల మీద కాదు, అర మీటరు బయట, 8.5 మీటర్ల వ్యాసార్ధంలో. రెండు నేరు దారులు 57.7, రెండు వంపులు 53.4, మొత్తం 111.1 వచ్చిందంటే తాడు సరిగ్గా ఉన్నట్టే. ఒక కొసన గోడ మరీ దగ్గరగా ఉంటే గోనెసంచుల్లో ఊక నింపి రెండు వరుసలు పేర్చాలి. ఇసుక బస్తాలు పెడదామన్నవాళ్లున్నారు. ఇసుక బస్తాకి గుద్దుకోవడం గోడకి గుద్దుకోవడంతో సమానం.

చదును సిమెంటు మీద ఈ వంపులో ఐసు వేగం రాదు, రానివ్వకూడదు. 8.5 మీటర్ల వంపులో సెకనుకి 12 మీటర్లంటే ఒంటిని లోపలికి లాగాల్సిన త్వరణం గురుత్వానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఐసు మీద స్కేటర్లు వంపుని కాస్త వెడల్పుగా తీసుకుని, బ్లేడు అంచుని దించి తట్టుకుంటారు. చక్రాలు అంత ఒరిగితే జారిపోతాయి. కాబట్టి ఇక్కడ సగం వేగం. నేర్పేది వేగం కాదు, ట్రాఫిక్.

మొదటి వారం చక్రాలు కూడా లేవు. చెప్పుల్లేకుండా నడకే. 27 ల్యాపులు, మూడు కిలోమీటర్లు, 17 మార్పిళ్లు, ల్యాపుల లెక్క బోర్డు మీద తగ్గుతూ వస్తుంది. నలుగురికీ నాలుగు రంగుల రిబ్బన్లు. మూడో రోజుకి గానీ ఎవరూ తప్పు లేకుండా పూర్తి చేయలేకపోయారు. నడకలోనే తప్పిపోతుంటే 44 కిలోమీటర్ల వేగంలో ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుందని చాలామంది కోచ్‌లు వదిలేస్తారు. వదిలేయకూడని మెట్టు ఇదొక్కటే.

అందుకునే అమ్మాయి దారికి మూడు గుర్తులు పెట్టాం. పరుగు అపసవ్య దిశలో కాబట్టి లోపలంటే ఎడమ. తోడు వంపులోకి దిగేటప్పటికి ఈమె లోపలి చిన్న వంపులో నడిమి బ్లాకుకి ఎదురుగా ఉండాలి. అక్కడ కుడి భుజం మీదుగా ఒక్క చూపు. వంపు నడుస్తుండగా మూడు నాలుగు గట్టి అడుగులు. ఆఖరి బ్లాకు పక్క నుంచి నేరు దారిలోకి వచ్చేసరికి తల ముందుకి తిరిగి, మోకాళ్లు వంగి, రెండు పాదాలూ సమాంతరంగా దగ్గరగా ఉండాలి. ఆ తర్వాత వెనక్కి చూపు లేదు. చేతులు మొదటి పది మీటర్లలో తగలాలి, ఇరవైలోపు వదలాలి, మిగతాది ఆమె సొంతం. కళ్లం మీద ఈ మూడు దూరాలకీ మూడు పిండిగీతలు.

చూపు ఆపడమే అన్నిటికంటే కష్టమైంది. వెనక్కి తిరిగితే భుజం తిరుగుతుంది, భుజంతో నడుము తిరుగుతుంది, తోపు పక్కకి పోతుంది. మొదట్లో వెనకామె "వస్తున్నా" అని అరిచేది. కూతతో పని కాదు. మాట పూర్తయ్యేలోపు పది మీటర్లు అయిపోతాయి, పైగా పెద్ద అరేనాలో జనం హోరులో ఎవరి అరుపు ఎవరికి? అరుపు మాన్పించేశాం. చేయి తగలడమే కబురు. తగలకముందే ఒళ్లు దించి ఉండాలి.

ఇక తోపు. రెండు అరచేతులూ పిరుదుల మీద, నడుము ఎముకకి దిగువన, వేళ్లు పైకి, చేతుల మధ్య జానెడు దూరం. చేరేటప్పుడు మోచేతులు వంగి ఉండాలి, లేకపోతే అది తోపు కాదు, గుద్దు. మోచేతులు కుదింపుని మింగాలి, ఇద్దరూ ఒక్క ఒళ్లుగా ఒక క్షణం జారాలి, అప్పుడు కాళ్లతో నెట్టుతూ చేతులు పూర్తిగా చాచాలి. తోసే అమ్మాయి పాదాలు వెడల్పుగా, ముందామె మడమలకి బయటగా ఉండాలి. దగ్గరగా ఉంటే బ్లేడు ముక్కు ముందామె బ్లేడు తోకకి తగులుతుంది, ఇద్దరూ పోతారు.

తోపు నడుం పైన పడితే పైభాగం ముందుకి తూలి బ్లేడు ముక్కు ఐసులో గుచ్చుకుంటుంది. ఒంటిచేత్తో తోస్తే మనిషి తిరుగుతుంది. ఈ జట్టులో చేతులు ఎప్పుడూ పైనే పడుతున్నాయి, ఎంత చెప్పినా. కారణం టెక్నిక్‌లో లేదు. చిన్నమ్మాయి పెద్దమ్మాయిని "అక్కా" అంటూ ఆవిడ నడుం కింద రెండు చేతులూ వేసి బలంగా నెట్టడానికి మొహమాటపడుతోంది. పెద్దమ్మాయికి ఆ ఇబ్బంది లేదు, చిన్నదాన్ని బాగానే తోస్తోంది. వీడియోలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. మాటలతో సర్దిచెప్పడం మానేసి అరచేతులకి ముగ్గుపిండి రాయించాం. నల్ల టైట్స్ మీద తెల్లటి చేతి అచ్చులు పడ్డాయి, గోడ మీద పిడకల అచ్చుల్లాగా. వీపు మధ్యలో రెండు అచ్చులు చూసి అక్కే నవ్వి, "ఇదేంటే, భుజం తట్టి పంపిస్తున్నావా నన్ను?" అంది. ఆ నవ్వుతో మొహమాటం సగం పోయింది. మిగతా సగం మూడు వారాల్లో పోయింది. రోజుకి జంటకి 20 తోపులు, ప్రతి తోపు తర్వాతా అచ్చు చూసుకోవడం. ఈ పనంతా మహిళా అసిస్టెంట్ ఎదుటే జరగాలి, తల్లిదండ్రులని మొదటి రోజే పిలిచి తోపు ఎక్కడ ఎందుకు వేస్తారో చూపించాలి. ఈ మెట్టు దాటేసిన చోట్ల పిల్లని మాన్పించేస్తారు.

వంపు అడుగుకి ఇంకో రెండు పనిముట్లు. లారీ సరుకు బిగించే ఐదు సెంటీమీటర్ల పట్టీని నడుముకి వేసి, కుడి పక్కన నిలబడిన తోడు పట్టుకుంటుంది. స్కేటరు ఎదురు వైపుకి, అంటే తనకి ఎడమ పక్కకి, ఒంటిని వాల్చి పట్టీ బిగువు మీద వంపు అడుగులు వేస్తుంది. 8×4 అడుగుల సన్‌మైకా షీటుని నిలువునా రెండుగా కోస్తే రెండు స్లైడ్ బోర్డులు. చివర్లలో చెక్క దిమ్మలు, మధ్య దూరం మనిషి ఎత్తుని బట్టి 1.6 నుంచి 1.8 మీటర్లు, బూట్ల మీద నూలు మేజోళ్లు. సముద్రపు గాలి ఉన్న రోజు బోర్డు జిగురుగా ఉంటుంది, పొడిగుడ్డతో తుడిచి కాస్త పాలిష్ రాస్తే జారుతుంది.

వరస ఎలా పెట్టాలన్న దాని మీద జట్టులో గొడవ జరిగింది. గట్టి స్టార్టు ఉన్నదాన్ని మొదట, ముగింపు బాగా తెలిసినదాన్ని రెండో స్థానంలో పెట్టడం మామూలు పద్ధతి. 2014 సోచి ఫైనల్‌లో కొరియా తరఫున ఆఖరి ల్యాపులో చైనాని దాటిన షిమ్ సుక్-హీ అలాంటి ముగింపు అమ్మాయే. మేం దానికి బరువు లెక్క కూడా కలిపాం. 60 కిలోల అమ్మాయి 12తో వచ్చి, 9తో వెళ్తున్న 48 కిలోల అమ్మాయిని అందుకుంటే కలిసే వేగం 10.67. అదే బరువులు తారుమారైతే 10.33. మూడో వంతు మీటరు తేడా, ప్రతి మార్పిడికీ. అందువల్ల బరువైన అమ్మాయి మొదటి స్థానంలో ఉండి, ముగింపు అమ్మాయిని ఐదుసార్లు తోస్తుంది. ఆఖరిది 25వ ల్యాపు దగ్గరిది, మిగతా పదహారూ ఒకెత్తు, అదొకెత్తు. బరువు తక్కువని ముగింపులో పెట్టడం తప్పు, ముగింపు తెలిసినవాళ్లు ఇద్దరుంటే తేలికైనదాన్ని పెట్టమనే ఇందులో సంగతి.

పడిపోవడం ప్రాక్టీసు చేయని జట్టు రిలే జట్టు కాదు. 2018 పియాంగ్‌చాంగ్ సెమీస్ ఫిబ్రవరి 10న జరిగింది. 23 ల్యాపులు మిగిలి ఉండగా కొరియా అమ్మాయి లీ యు-బిన్ పడిపోయింది. పడుతూనే చేయి చాచింది, చోయ్ మిన్-జాంగ్ వచ్చి అందుకుంది. దాదాపు సగం ల్యాపు వెనకబడిన జట్టు ఆ సెమీస్‌లో మొదటి స్థానంలో వచ్చింది, 4:06.387తో, అప్పటికి ఒలింపిక్ రికార్డుతో. ఆ వీడియో జట్టుకి చూపించినప్పుడు అందరూ చివరి ల్యాపులు చూశారు. చూడాల్సింది మొదటి రెండు సెకన్లు. అందుకున్న అమ్మాయి "ఇప్పుడు ఎవరి వంతు" అని ఆలోచించలేదు.

దానికి మేం పెట్టుకున్న నియమం చిన్నది. ఎవరు దగ్గరుంటే వాళ్లే అందుకుంటారు, అందుకున్నాక పాత పట్టికలోని తర్వాతి మార్పిడి స్థలం దాకా పరిగెడతారు. నాలుగో అమ్మాయి 4.75 ల్యాపు దగ్గర పడిందనుకోండి. 5.5 దగ్గర అందుకోవాల్సిన మొదటి అమ్మాయి అప్పుడే అందుకుని 7వ ల్యాపు దాకా, అంటే రెండుంపావు ల్యాపులు, లాగుతుంది. కష్టమే. కానీ అక్కడి నుంచి ప్రతి జంటా మళ్లీ తన వైపే, తన లెక్కలోనే. అందుకోకుండా మిగిలిన ఇద్దరూ ఆ గందరగోళంలో లోపలి బాట వదిలి బయటికి రాకూడదు. పడ్డ అమ్మాయి జారుతున్నంతసేపూ పిడికిళ్లు మూసే ఉంచాలి, వెనకవాళ్ల బ్లేళ్లు ఐసు మీదుగానే వస్తుంటాయి. తోడు దగ్గరకొచ్చాకే చేయి ఐసు నుంచి పైకి లేవాలి. కళ్లం మీద దీన్ని నడకలో, ఈల ఊది చేయించాం. ఈల ఎప్పుడు మోగుతుందో ఎవరికీ తెలియదు.

తోసేశాక ఏం చేయాలన్నది చాలా జట్లు నేర్పవు, పెనాల్టీలు మాత్రం ఎక్కువగా అక్కడే పొంచి ఉంటాయి. తోపు అయిపోయిన అమ్మాయి వేగం పోయి, నేరు దారి మధ్యలో, వెనక జట్లకి అడ్డంగా ఉంటుంది. వెంటనే నిటారుగా లేచి లోపలికి దూకితే పక్క జట్టు తన మార్పిడి కోసం లోపలి నుంచి బయటికి వస్తూ ఉంటుంది. సరళ రేఖలో జారుతూ, వెనకవాళ్లు దాటాక లోపలికి రావాలి. అడ్డుపడితే శిక్ష జట్టంతటికీ. 2010 వాంకూవర్‌లో కొరియా మొదట గీత దాటింది, చైనాని అడ్డుకున్నందుకు పెనాల్టీ పడి బంగారం చైనాకి వెళ్లింది. 2018 ఫైనల్‌లో చైనా, కెనడా రెండూ పెనాల్టీ తిన్నాయి. కొరియాకి బంగారం, ఇటలీకి వెండి, కంచు మాత్రం ఆ పందెంలోనే లేని నెదర్లాండ్స్‌కి పోయింది. వాళ్లు కాసేపటి ముందు బి ఫైనల్‌లో (పతకాల ఫైనల్‌కి అందని జట్ల పందెంలో) 4:03.471తో ప్రపంచ రికార్డు పెట్టి ఉన్నారు. ఆ రోజు అందరికంటే తక్కువ టైములో పరిగెత్తిన జట్టు పతకాల ఫైనల్‌కే రాలేకపోయింది, అయినా పతకంతో ఇంటికి వెళ్లింది.

సామాను గురించి కొంచెం. షార్ట్ ట్రాక్ బ్లేడు బూటు మధ్యలో ఉండదు, రెండు కాళ్లకీ ఎడమ పక్కకి జరిపి బిగిస్తారు, వంపు దిశలో కొద్దిగా వంచుతారు. అందువల్ల మొదటి రోజు చక్రాల అలవాటుతో నిలబడిన ప్రతి అమ్మాయికీ బూటు పక్కకి పోతున్నట్టే ఉంటుంది. బోల్టులు ఆ రోజు ముట్టుకోవద్దు. కోతకి తట్టుకునే సూటు, మెడ పట్టీ, హెల్మెట్, మోకాలి, ముంగాలి కవచాలు, గ్లోవులు లేకుండా ఎవరూ ఐసు ఎక్కకూడదు. ఎడమ గ్లోవుకి వేళ్ల కొసల మీద గట్టి తొడుగు ఉండాలి, వంపులో ఆ వేళ్లే ఐసుని రాసుకుంటూ పోతాయి. డెల్టా గాలికి బ్లేడు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. వాడాక తుడిచి, కుట్టుమిషను నూనె పల్చగా రాసి, గుడ్డ తొడుగులో పెట్టాలి, ప్లాస్టిక్ గార్డులో ఉంచకూడదు. కోనసీమ అమ్మాయి ఒకామె ఇంటి అలవాటు కొద్దీ కొబ్బరినూనె రాసి తెచ్చింది. చలికి అది తెల్లగా పేరుకుని బ్లేడు మీద కొవ్వులా అంటుకుపోయింది. పదునుకి ముందు దాన్ని గోకడానికే అరగంట.

ఐసు మీద మొదటి రెండు సెషన్లలో మార్పిళ్లు పెట్టలేదు. నిలబడటం, వంపు, ఆపడం, పడటం. మూడోదానిలో జంటలుగా, ఎవరి వైపు వాళ్లు, సగం వేగం. కళ్లం మీద కనబడని దోషం ఒకటి వెంటనే బయటపడింది. చక్రం కంటే బ్లేడు చాలా తక్కువ ఘర్షణతో జారుతుంది కాబట్టి అందుకునే అమ్మాయి అనుకున్న దానికంటే ముందే ఆఖరి బ్లాకు దగ్గరికి వచ్చేస్తోంది. వచ్చి, తోడు రాలేదని నిటారుగా లేచి ఎదురుచూస్తోంది. పాత రోగమే, కొత్త దారిలో. మందు సులువు: లోపలి వంపుని ఒక మీటరు వెడల్పు చేశాం, దారి పొడవైంది, వేగం తగ్గించకుండానే రాక ఆలస్యమైంది. అడుగులు తగ్గించి సరిచేద్దామని చూడకండి, అప్పుడు మళ్లీ నిలబడ్డ పడవ అవుతుంది.

ఆఖరి సెషన్‌లో పూర్తి 27 ల్యాపులు పెట్టాం. పదిహేను మార్పిళ్లు గీతల లోపల పడ్డాయి. రెండు చెడ్డాయి, రెండూ అవతలి వైపు, నాలుగు నుంచి ఒకటికి, 17.5, 23.5 ల్యాపుల దగ్గర. రెండింటిలోనూ మొదటి అమ్మాయి ఆలస్యంగా బయటికి వచ్చింది, తోపు ఇరవై మీటర్ల గీత దాటిపోయింది, వంపులోకి వెడల్పుగా పోయింది. పందెంలో అయితే లోపల ఖాళీ చేసిన ఆ దారిలోంచి ఒకరు దూరిపోయేవారు. ఆమె ఒక విడత చేశాక మూడు విడతల వ్యవధి, 40 సెకన్ల పైన, లోపల తిరుగుతుంది. అలసట పెరిగేకొద్దీ లోపలి వేగం తగ్గిపోతోంది, నడిమి బ్లాకు దగ్గరికి రావడమే ఆలస్యమవుతోంది. తిరిగి వచ్చాక కళ్లం మీద ఆమెకి వేరే పని పెట్టాం: ల్యాపున్నర గట్టి పరుగు, 40 సెకన్లు ఆగకుండా జారుడు, మళ్లీ ల్యాపున్నర, ఇలా ఐదుసార్లు. ఆ 40 సెకన్లలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడితే ఆ విడత లెక్కలోకి రాదు.

దాళ్వా ధాన్యం కళ్లానికి వచ్చేలోపు ఇంకో ఆరు వారాలున్నాయి. నాలుగు నుంచి ఒకటికి మార్పిడి మీదే అవి ఖర్చవుతాయి. ఐదో అమ్మాయిని నాలుగు స్థానాల్లో ఎక్కడ దింపినా అవతలి వైపు తోపు తెలిసి ఉండాలి కాబట్టి, ఆమె అచ్చులు కూడా రోజూ ఆ వైపు గీతల దగ్గరే పడుతున్నాయి.